సర్వరు పోయినా డేటా మిగలాలంటే

మన యూనియన్ వార్షిక సంచికలో కథలకూ గేయాలకూ ఎన్నడూ కొదవ లేదు. నా పని యంత్రాలతో కనుక నేను యంత్రం గురించే రాస్తాను. పాఠ్యపుస్తకాల్లో 'దత్తాంశం' అని రాస్తారు గాని, ఆచార్యుల దగ్గర్నుంచి అటెండరు దాకా అందరి నోటా వచ్చేది 'డేటా' అన్న మాటే. నేనూ అదే వాడతాను.

కాలేజీలో, ఆస్పత్రిలో, చిన్న ఆఫీసులో ఈనాడు ఒక మూల ఒక నల్ల పెట్టె ఉంటుంది. అందులో నాలుగో, ఎనిమిదో హార్డ్ డిస్కులు పక్కపక్కన అమర్చి ఉంటాయి. అందరి కంప్యూటర్లూ తమ ఫైళ్ళను ఆ పెట్టెలోనే దాచుకుంటాయి. దాన్నే స్టోరేజి సర్వరు అంటారు. ఉమ్మడి బీరువా అనుకోండి. పరీక్ష మార్కులు, పరిశోధక విద్యార్థుల నాలుగేళ్ళ కష్టం, జీతాల పట్టీలు అన్నీ అందులోనే. ఒక రోజు ఆ బీరువా తెరుచుకోదు. అప్పుడేం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈ వ్యాసం. చేయకూడనివే ఎక్కువని ముందే చెప్పేస్తున్నాను.

ముందుగా ఆ పెట్టెలో జరిగేదేమిటో తెలియాలి. 1980ల చివరలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవక డిస్కులు కొన్నిటిని జట్టు కట్టించి వాడుకోవచ్చన్నది దాని సారాంశం. చవక డిస్కులు తరచు చెడిపోతాయి కదా, మరి ఎలా? అందుకు వాళ్ళు చెప్పిన ఉపాయాల సముదాయానికే 'రెయిడ్' అని పేరు.

ఇందులో ఎక్కువగా వాడే పద్ధతి చాలా తేలిక లెక్క. మూడు డిస్కుల్లో 37, 52, 41 అనే అంకెలున్నాయనుకోండి. నాలుగో డిస్కులో వాటి మొత్తం 130 రాసి పెడతాం. రెండో డిస్కు కాలిపోయింది. 130లోంచి 37, 41 తీసేస్తే మిగిలింది 52. పోయిన అంకె తిరిగి వచ్చింది! అసలు యంత్రం కూడికకు బదులు బిట్లను పోల్చే మరో లెక్క వాడుతుంది. ఆ 'మొత్తం' కూడా ఒకే డిస్కులో ఉండకుండా నాలుగింటి మీదా పంచి ఉంటుంది. కాని సూత్రం ఇదే. ఒకటి పోతే లెక్క కట్టి తెచ్చుకోవచ్చు. రెండు పోయాయా, ఒకే సమీకరణంలో రెండు తెలియని రాశులు! ఇంటర్మీడియెట్ కుర్రవాణ్ణి అడిగినా అది తేలదని చెబుతాడు. రెండు పోయినా తట్టుకునే పద్ధతీ ఉంది. దానికి రెండు డిస్కుల చోటు అదనంగా ఇచ్చుకోవాలి.

ఇక్కడే పెద్ద చిక్కు. ఒక డిస్కు పోగానే కొత్తది పెడతాం. అప్పుడు పెట్టె మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చదివి కొత్తదాన్ని నింపాలి. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున చదివినా 40,000 సెకండ్లు, అంటే పదకొండు గంటలు పడుతుంది. మధ్యలో జనం పని చేసుకుంటూంటే అది రోజులకు సాగుతుంది. మిగిలిన డిస్కులేమో అదే రోజున కొన్నవి, అదే వేడిలో అన్నేళ్ళూ తిరిగినవి. ముసలి ఎద్దుల బండిలో ఒక ఎద్దు కూలబడితే, రెండోదాని మీద బరువంతా వేసి ఘాటు ఎక్కించినట్టు ఉంటుంది. రెండో డిస్కు తరచు ఆ సమయంలోనే పోతుంది.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. అమీర్‌పేట ప్రాంతంలో ఒక విద్యాసంస్థ, పేరు అనవసరం. నాలుగు డిస్కుల పెట్టె. మే నెలలో కరెంటు రెండు మూడు సార్లు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం అది ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి ఆ గదిలో ఆరుగురున్నారు, ఆరు సలహాలున్నాయి. ఒకాయన డిస్కులు తీసి ఊడ్చి మళ్ళీ పెడదామంటాడు. ఇంకొకాయన తెర మీద 'ఇనిషియలైజ్' అని కనిపిస్తోంది, నొక్కేద్దాం అంటాడు. నొక్కి ఉంటే పాత అమరిక వివరాలు చెరిగి, కొత్త ఖాళీ పెట్టె తయారయ్యేది. పక్కనే ఒక పరిశోధక విద్యార్థిని కూర్చుని ఉంది. మహబూబ్‌నగర్ పల్లెల్లో బోర్ల మీద నాలుగేళ్ళు తిరిగి చేసిన సర్వే అంతా అందులోనే ఉందట. "సార్, వస్తుందా?" అని ఒక్క మాటే అడిగింది. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. చెప్పలేదు.

మొదట చేసినది పెట్టె ఆపేయడం. తరవాత ప్రతి డిస్కు మీదా అది ఏ అరలోంచి వచ్చిందో 1, 2, 3, 4 అని కాగితం అంటించాం. చిన్నపనే. కాని డిస్కుల వరస కలగాపులగం అయితే ఆ తరవాత పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆ తరవాత పెట్టె తనకు తాను రాసుకునే దినచర్య, అంటే లాగ్, బయటికి తీసి చదివాం. అందులో బయటపడింది అసలు విషయం: మూడో డిస్కు ఆ రోజు పోలేదు. ఫిబ్రవరిలోనే పోయింది! మూడు నెలలుగా పెట్టె కుంటుకుంటూ నడుస్తోంది. నారింజరంగు దీపం వెలుగుతూనే ఉంది గాని దాని ముందర ఫైళ్ళ ర్యాకు ఉంది. బీప్ బీప్ మంటోందని ఎవరో ఎప్పుడో శబ్దం ఆపేశారు. మే నెలలో పోయింది ఒకటో డిస్కు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చూడండి. ఫిబ్రవరిలో పోయిన డిస్కులో ఉన్నది ఫిబ్రవరి నాటి డేటా. దాన్ని బలవంతంగా 'బాగానే ఉంది' అని పెట్టెకు నమ్మబలికితే, మేనెల అంకెలతో ఫిబ్రవరి అంకెలు కలిసి లెక్క అంతా తప్పుతుంది. పెట్టె ఆ తప్పును 'సరిదిద్దుతూ' మంచి డిస్కుల మీద కూడా చెత్త రాసేస్తుంది. నమ్మదగినది ఆఖరున పోయిన డిస్కు. అందులో లోపం కొద్దిచోట్లే ఉండొచ్చు, కాని ఉన్నది తాజాది.

మేం ఒకటి, రెండు, నాలుగు డిస్కులకు అచ్చంగా నకళ్ళు తీశాం. ఫైళ్ళ నకలు కాదు, మొదటి బిట్టు నుంచి చివరి బిట్టు దాకా ఉన్నదున్నట్టు. దీనికి 'డిడిరెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాని తెలివి ఏమిటంటే, ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, మొరాయించే చోట్లను ఒక పట్టీలో రాసుకుని, చివర్లో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కు దగ్గర మొదట అడగవలసింది సులువుగా ఇచ్చేదాన్నే. ఒకటో డిస్కులో కొన్ని డజన్ల సెక్టార్లు తప్ప మిగిలిందంతా వచ్చింది. ఆ తరవాతి పనంతా నకళ్ళ మీదే. అసలు డిస్కులు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాం. నకళ్ళను కలిపి లెక్క కట్టిస్తే ఫైళ్ళు కనిపించాయి. ఆమె సర్వే వచ్చింది; పదకొండు ఫోటోలు మాత్రం సగం బూడిదరంగుగా వచ్చాయి. మరొక విభాగం వారి పాత ప్రశ్నపత్రాల ఫైలు రాలేదు. దానికి ఎవరూ ఏడవలేదు.

ఆ రోజు చేయనివి కూడా చెప్పుకోవాలి. చెడిన డిస్కు మీద విండోస్ వారి చెక్‌డిస్క్ నడపకూడదు. అది ఫైళ్ళ పట్టికను సర్దాలని చూస్తుంది, అంటే రాస్తుంది. చెడిన చోట రాయడమే అనర్థం. టక్ టక్ మని శబ్దం చేసే డిస్కుకు కరెంటు ఇస్తూ ఉండకూడదు. లోపలి తల పళ్ళేన్ని గీస్తూ ఉండవచ్చు, ప్రతి నిమిషమూ నష్టమే. అలాంటిది దుమ్ము లేని గదిలో విప్పే వాళ్ళకే పంపాలి. ఖర్చూ తక్కువేమీ కాదు. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఒక నాటువైద్యం ప్రచారంలో ఉంది. లోపల తేమ పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

సరే, ఇంతా చేసి దక్కించుకోవడం ఒక ఎత్తు. ఆ అవసరమే రాకుండా చూసుకోవడం మరొక ఎత్తు. "మాకు రెయిడ్ ఉందండీ, బ్యాకప్ ఎందుకు?" అనే మాట నేను వారానికొకసారైనా వింటాను. రెయిడ్ డిస్కు చావును కాస్తుంది, అంతే. మనిషి పొరపాటును కాయదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటరు స్టోరేజిలోంచి సుమారు 77 టెరాబైట్లు, 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. డిస్కు ఒక్కటీ చెడలేదు. పాత లాగ్ ఫైళ్ళను తీసివేసే బ్యాకప్ ప్రోగ్రాము నడుస్తూండగానే దాని స్థానంలో కొత్త ప్రోగ్రాము పెట్టారు. అది సగం పాత, సగం కొత్త ఆజ్ఞలతో అసలు ఫైళ్ళనే తీసిపారేసింది. 14 పరిశోధక బృందాలకు దెబ్బ తగిలింది. అందులో 4 బృందాల డేటా తిరిగి రాలేదు. కాపాడవలసిన ప్రోగ్రామే కబళించిందన్నమాట.

నిప్పుకూ రెయిడ్ అడ్డు కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో దెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రం బ్యాటరీల మంటలో కాలింది. ఉద్యోగులు తమ ఆఫీసు ఫైళ్ళు దాచుకునే స్టోరేజి 858 టెరాబైట్లూ పోయింది. మరీ పెద్దది కనుక వేరే చోట నకలు పెట్టలేదన్నారు. సాంకేతికంగా మనకంటే ఎంతో ముందున్న దేశం!

నకలు ఉన్నా అది ఎప్పుడూ యంత్రానికి తగిలించి ఉంటే లాభం లేదు. 2017 మే నెలలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. అలాంటి ప్రోగ్రాము తన చేతికి అందే డిస్కు ప్రతిదానికీ తాళం వేస్తుంది; తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును మినహాయించదు. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట అనే మూడు-రెండు-ఒకటి లెక్కకు, ఒక ప్రతి తీగ పీకి ఉండాలన్న మాట కూడా ఈ మధ్య చేర్చుతున్నారు.

'వేరే చోట' అంటే ఎంత దూరం? ఎర్రగడ్డలో సర్వరు, ఎస్.ఆర్.నగర్‌లో నకలు పెట్టి తృప్తి పడేవాళ్ళున్నారు. మెట్రోలో రెండు స్టేషన్ల దూరం. మైత్రీవనం దగ్గర నీళ్ళు నిలిచే వానకు ఎస్.ఆర్.నగర్ సెల్లార్లు పొడిగా ఉండవు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగిన సంగతి ఎరిగిన ఊరు మనది. నకలు మరో ఊళ్ళో ఉండటం మంచిది.

దూరాన ఉన్న నకలు విలువ ఏమిటో మన తెలుగు పుస్తకాలే సాక్ష్యం చెబుతాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాలను కంప్యూటరు కెక్కించే పథకానికి నాయకత్వం వహించారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌తో పాటు మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా ఇందులో పెద్ద కేంద్రం. గ్రంథాలయాల్లో చెదలకు ఎర అవుతున్న తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కానింగు యంత్రాల కిందికి వచ్చాయి. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా ఉండేది. సర్వరు ఒకనాడు పలికితే మరునాడు పలికేది కాదు. విసిగిన పాఠకులు కొందరు పేజీలన్నీ దించి పుస్తకంగా కూర్చే చిన్న ప్రోగ్రాములు తామే రాసుకున్నారు.

2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతబడింది. కారణం డిస్కు చెడటం కాదు, కాపీహక్కుల వివాదాలు. పాఠకుడికి మాత్రం రెండూ ఒకటే, తలుపు మూసి ఉంది. అయినా ఈనాడు మనం ఆ పుస్తకాలు చదవగలుగుతున్నామంటే, అంతకు ముందే వాటి ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటమే కారణం. 5 లక్షలకు పైగా పుస్తకాలు అక్కడ ఉన్నాయి. ఆ స్కానులలో పేజీలు తప్పినవీ, పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులో గుర్తుపట్టలేనంతగా వంకర్లు పోయినవీ బోలెడు. నకలు తీసేవాడు మూలంతో సరిచూడకపోతే జరిగేది అదే. ఈ విషయంలో బ్రౌన్ దొర నయం. పందొమ్మిదో శతాబ్దంలో కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, శుద్ధప్రతులు రాయించాడు. మన భాషలో బ్యాకప్, వెరిఫికేషన్ రెండూ ఆయన ఏనాడో చేయించాడు.

సరిచూడటం అన్నది కంప్యూటరు వాళ్ళు కూడా తరచు ఎగవేసే పని. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో అలసిన ఇంజనీరొకరు ఒక సర్వరు అనుకుని మరో సర్వరులోని డేటాబేసును తొలగించారు. బ్యాకప్ ఉంది కదా అని వెదికితే, రోజూ నడవవలసిన బ్యాకప్ వెర్షన్ తేడావల్ల నడవడమే లేదని తేలింది. నడవలేదని హెచ్చరించే ఈ-మెయిళ్ళూ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందట మరో పని కోసం తీసిన నకలొకటి దొరికింది. ఆ కంపెనీ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రకటించింది, మెచ్చుకోవాలి. నేను మా వాళ్ళతో నెలకొకసారి ఒక పని చేయిస్తాను. బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు చీటీ తీసి ఎంచి, వేరే కంప్యూటరు మీదికి తిరిగి తెప్పించి, తెరిచి చూపించమంటాను. మొదటి నెలల్లో సగం సార్లు ఫైలు తెరుచుకోలేదు.

ఇక ఎవరూ పట్టించుకోని చివరి అంకం ఒకటుంది. చెడిపోయిన డిస్కు ఎక్కడికి పోతుంది? ఎర్రగడ్డ ఆదివారం అంగడికి ఎప్పుడైనా వెళ్ళి చూడండి. స్పానర్లు, పాత బూట్లు, ఫ్యాన్ మోటార్ల మధ్య గోనెపట్టా మీద హార్డ్ డిస్కులు పరిచి ఉంటాయి. అమ్మేవాళ్ళ తప్పేమీ లేదు. పాత సామాను కొంటారు, అమ్ముతారు. అయితే ఫైలు 'డిలీట్' కొడితే పోయేది విషయసూచికలో దాని పేరు మాత్రమే. విషయం అక్కడే ఉంటుంది. మామూలు ఫార్మాటు కూడా దాదాపు అంతే. 'చెడింది' అని పారేసిన డిస్కులో చాలాసార్లు చెడేది పైన ఉండే పచ్చ బోర్డు ఒక్కటే. లోపలి పళ్ళేలు నిక్షేపంగా ఉంటాయి.

ఆ అంగడికి కూతవేటు దూరంలోనే మానసిక వైద్యశాల, ఛాతీ ఆస్పత్రి ఉన్నాయి. 'ఎర్రగడ్డకు పంపాలి' అన్నది మన ఊళ్ళో ఎంత మోటు హాస్యమో అందరికీ తెలుసు. అలాంటి ఊళ్ళో ఒక రోగి పేరు, జబ్బు రాసిన ఫైలు బజారున పడితే ఒక ఆడపిల్ల సంబంధం, ఒక కుర్రవాడి ఉద్యోగం ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. ఏ ఆస్పత్రి కైనా, ఏ కాలేజీకైనా ఈ ప్రమాదం ఉన్నదే. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. చట్టం మాట ఎలా ఉన్నా, డిస్కును గుమ్మం దాటించేముందు దాని నోరు మూయించడం మన పని.

తిరిగే డిస్కు ఇంకా పనిచేస్తూంటే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి సున్నాలు రాస్తే చాలు. ఏడుసార్లు రాయాలన్నది పాత కాలపు డిస్కుల నాటి మాట. ఎస్.ఎస్.డి.లకు ఆ పద్ధతి సరిపోదు. అవి రాసే చోటును తమ ఇష్టం వచ్చినట్టు మారుస్తూంటాయి కనుక తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆజ్ఞే వాడాలి. రాయడానికే పలకని డిస్కుకు డ్రిల్లు మిషనుతో పళ్ళేల గుండా బెజ్జాలు వేయడం తప్ప మార్గం లేదు. వారంటీ కింద పాతది వాపసు ఇమ్మంటే, అందులో ఏముందో చూసుకుని గాని ఇవ్వకూడదు. ఇన్ని తంటాలు లేకుండా మొదటి రోజునే డిస్కులన్నిటికీ ఎన్‌క్రిప్షన్ పెట్టించుకుంటే, డిస్కు ఎవరి చేతిలో పడినా వాళ్ళకు దక్కేది అర్థం లేని అక్షరాల పోగే. కాకపోతే ఆ ఎన్‌క్రిప్షన్ సంకేతపదాన్ని తీసుకెళ్ళి అదే సర్వరులో ఒక ఫైలుగా రాసి దాచినవాళ్ళను నేను ఇద్దరిని చూశాను. తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం నొక్కినట్టు. దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ప్రిన్సిపాలు గారి ఇనప్పెట్టెలో ఒకటి, మరో ఊళ్ళో ఒకటి ఉంచండి.